ఖాళీ సీసాకు క్రొత్త కొలువు



మన వంటింటి అలమారలో పై అరమీద ఖాళీ సీసాలు నాలుగైదు తప్పక ఉండును. పచ్చడి వచ్చిన సీసా ఒకటి, తేనె వచ్చినది ఒకటి, కాఫీపొడి వచ్చినది ఇంకొకటి. వానిని పారవేయుటకు మనసొప్పదు. ఎందుకు దాచితిమో అడిగినచో చెప్పలేము. నా చిన్నతనములో ఇట్టి సందేహమే లేకుండెను. హార్లిక్స్ గాజుసీసా ఖాళీ అయినదో లేదో, దానికి ఇంట్లో ఉద్యోగము సిద్ధముగా ఉండెడిది. ఒకదానిలో ఆవాలు, ఒకదానిలో జీలకర్ర, ఒకదానిలో చింతపండు. ప్లాస్టిక్ డబ్బాలు వచ్చి ఆ వరుసను చాలవరకు తొలగించినవి. సంక్రాంతి దగ్గరపడుచున్న ఈ దినములలో, పై అరలోని సీసాలను క్రిందికి దించి వానికి మరల ఒక కొలువు కల్పించుట ఎట్లో ముచ్చటించుకొందము.

గాజు సామాన్యమైన వస్తువు కాదు. ఇసుక, సోడా, సున్నపురాయి కలిపి సుమారు 1500 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో కరగించిననే గాని అది పుట్టదు. అంత అగ్నిని ఓర్చి వచ్చిన పాత్రను ఒక్క పచ్చడికి వాడి పారవేయుట దుబారాయే గదా! పులుపునకు, ఉప్పునకు అది చెడదు, వాసన పీల్చదు. సీసాలో మిగిలిన ఊరగాయ వాసన సాధారణముగా గాజుది కాదు, మూతది. మూతకు వంటసోడా రాచి కడిగి, ఒక పూట ఎండలో ఉంచినచో ఆ వాసన చాలవరకు పోవును.

ముందుగా చేయవలసినది చీటీ ఊడదీయుట. సీసాను గోరువెచ్చని నీటిలో అరగంట నానబెట్టినచో కాగితము దానంతట అదే జారును. జిగురు మిగిలిపోయినచో వంటనూనెయు వంటసోడాయు సమముగా కలిపి పట్టించి, కొంతసేపు ఉంచి, పీచుతో రుద్దవలెను. నూనె జిడ్డు లేశమైనను ఉండరాదు. ఉన్నచోట రంగు అంటదు.

ఇక సింగారము. గాజునకున్న గొప్ప గుణము పారదర్శకత. దానిని పూర్తిగా కప్పివేయుటకంటె దానిచేతనే పని చేయించుకొనుట తెలివి. కాగితముమీద చుక్కలు పెట్టి మీకు వచ్చిన ముగ్గు గీయుడు. ఆ కాగితమును చుట్టి, వెడల్పు మూతి సీసాలో లోపలి గోడకు ఆనించి నిలుపుడు. ముగ్గు బయటికి కనబడును. సన్నని కుంచెతో తెల్లని ఎనామెల్ రంగు తీసికొని ఆ గీతల వెంటనే పోవుడు. ఆరిన తరువాత కాగితము తీసివేసినచో, వాకిటి ముగ్గు సీసామీదికి ఎక్కి కూర్చున్నట్లుండును. రంగు బయటనే గాని లోపల వేయరాదు. అప్పుడే ఆ సీసాలో తినువస్తువులు పోసికొనవచ్చును.

కోస్తా జిల్లాలలో చాలమంది ఇండ్లలో సంక్రాంతికి, మరికొన్ని చోట్ల దసరాకు బొమ్మల కొలువు తీర్చుదురు. కొండపల్లి ఏనుగు అంబారీకి, ఏటికొప్పాక లక్కపిడతలకు ప్రక్కన మన సీసాకును ఒక మెట్టు దొరకును. ముగ్గులకు తెచ్చిన రంగుపొడులు మిగిలినచో, కాగితపు గరాటుతో పొరలు పొరలుగా సీసాలో పోయించుడు. ప్రతి రెండు మూడు పొరలకు ఒకసారి అల్లికసూదిని గోడవెంట నిలువుగా దింపి తీసినచో, రంగులు క్రిందికి జారి కొండల బారువలె కనబడును. కాని సీసాను మూతివరకు నింపి గట్టిగా మూత పెట్టవలెను; ఖాళీ ఉన్నచో కదలికకు పొరలన్నియు కలిసిపోవును. ఇంకొక సీసాలో మట్టి పోసి, పండుగకు వారము ముందుగా మెంతులు చల్లినచో కొలువులో పచ్చని తోట సిద్ధము. మట్టిలో వేరు దిగుటయు పిల్లలకు కనబడును. సీసాకు అడుగున రంధ్రము లేదు గనుక నీరు చిలకరింపవలెనే గాని పోయరాదు.

దీపము పెట్టదలచినవారు ఒక మాట గుర్తుంచుకొనవలెను. గాజు వేడిని త్వరగా ప్రసరింపనీయదు. ఒకచోట వేడెక్కి వ్యాకోచించుచుండగా ప్రక్కభాగము చల్లగా ఉన్నచో ఆ లాగుడుకు పగులును. మందమైన సీసాకు ఈ ప్రమాదము మరింత ఎక్కువ. అందుచేత వెడల్పు మూతి సీసాలో సగమునకు పైగా నీరు పోసి, దానిపై అరంగుళము మందమున నూనె పోసి, బెండుముక్కలో గ్రుచ్చిన వత్తిని తేలవిడువవలెను. వేడి అడుగునకు తగులదు. నూనె అయిపోగానే వత్తి నీటిని తాకి కొండెక్కును. మూత పెట్టరాదు; మూతిచుట్టు కాగితపు పూలు కట్టరాదు; వేడి చల్లారకమునుపు చన్నీళ్లు పోయరాదు.

ఇంతవరకు చెప్పినది సింగారము. దానికంటె ముఖ్యమైనది ఒకటి చెప్పి ముగించెదను.

నాకు పదేండ్లప్పటి మాట. సంక్రాంతికి మా ఇంటి తలుపులకు రంగులు వేయించుచుండిరి. మిగిలిన టర్పెంటైనును మా నాన్నగారు ఒక ఖాళీ షర్బత్ సీసాలో పోసి వసారా మూలను ఉంచిరి. సీసామీద ద్రాక్షగుత్తి బొమ్మ అట్లే ఉన్నది. మా తమ్మునికి అప్పుడు నాలుగేండ్లు. వానికి చదువు రాదు. బొమ్మ మాత్రము తెలియును. ఒక్క గ్రుక్క మ్రింగెను. మా నాయనమ్మ ఉప్పునీళ్లు త్రాగించి కక్కింపబోగా, పొరుగింటివారు చేయి పట్టుకొని ఆపి, ఉన్నపళముగా ఆసుపత్రికి నడిపించిరి. అట్టి ద్రవములు వాంతి అగునప్పుడు ఊపిరితిత్తులలోనికి పోవుననియు, వాంతి చేయింపకపోవుటే మేలైనదనియు అక్కడి వైద్యులు చెప్పిరి. మూడు రాత్రులు మేము నిద్రపోలేదు. తమ్ముడు బ్రతికి బయటపడెను. ఆ ఏడు మా ఇంట కొలువు పెట్టలేదు. నాన్నగారు ఆ సంగతి మరి ఎన్నడును ఎత్తలేదు. కాని అటుపిమ్మట ఇంట్లోని ప్రతి సీసాకును తమ చేతివ్రాతతో ఒక చీటీ అంటించెడివారు. మంచినీళ్ల సీసాకు కూడ.

ఆ చీటీలను చూచి మేము నవ్వుకొనెడివారము. ఇప్పుడు నవ్వు రాదు. కిరసనాయిలు, ఫినాయిలు, రంగులు కలుపు నూనెలు త్రాగుడు పదార్థముల సీసాలలో ఎన్నడును పోయకుడు. అవి వచ్చిన డబ్బాలలోనే, పిల్లలకు అందని ఎత్తున ఉంచుడు. పురుగుమందు వచ్చిన సీసాను ఎంత కడిగినను మరి దేనికిని వాడకుడు. సీసాకు క్రొత్త కొలువు ఇచ్చునప్పుడు పాత పేరు పూర్తిగా తుడిచి, క్రొత్త పేరు స్పష్టముగా వ్రాయుడు. మీరు వేయు ముగ్గు, అంటించు చీటీ అందమునకు మాత్రమే కాదు. లోపల ఏమున్నదో చదువు రాని పసివానికి కూడ చెప్పునట్లు ఉండవలెను.

ఈ పండుగకు మీ పై అర ఖాళీ అగుగాక, మీ కొలువు నిండుగాక. సెలవు.