ముడతల లేపనాలలో పెప్టైడులు

మానవ చర్మంలో పైపొరకు దిగువన ఉండే అంతశ్చర్మాన్ని నీరు తీసివేసి తూచినట్లయితే, నాలుగింట మూడు వంతుల వరకు కొల్లాజెన్ అనే మాంసకృత్తే తేలుతుంది. మూడు అమైనో ఆమ్లాల గొలుసులు తాడులా పురివేసుకొన్న దీని ఆకృతిని 1954లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా ప్రతిపాదించారు. ఈ పోగులను తయారుచేసే ఫైబ్రోబ్లాస్టులనే కణాలు వయసుతో మందగిస్తాయి. అది చాలదన్నట్లు ఎండలోని అతినీలలోహిత కిరణాలు కొల్లాజెన్‌ను తెగగొట్టే ఎంజైములను పురికొల్పుతాయి.

తరిగిన కొల్లాజెన్‌ను పైనుంచి పూసి పూడ్చవచ్చునన్న ఆశకు చర్మమే అడ్డు. సుమారు 500 డాల్టన్ల అణుభారం దాటిన పదార్థాలు పైపొర గుండా లోనికి చొరబడడం కష్టమని చర్మశాస్త్రజ్ఞులు లెక్కగట్టగా, కొల్లాజెన్ అణుభారం దాదాపు 3,00,000 డాల్టన్లు. కనుక కొల్లాజెన్ క్రీము చర్మంపై తేమను నిలుపుతుందే గాని, లోపలి కొల్లాజెన్‌కు ఒక్క పోగైనా చేర్చదు.

పెప్టైడు సంగతి వేరు. కొద్దిపాటి అమైనో ఆమ్లాల ఈ చిన్న గొలుసు ముడిసరుకుగా కాక, ఫైబ్రోబ్లాస్టులకు అందే సంకేతంగా పనిచేస్తుందని సిద్ధాంతం. 1973లో లారెన్ పికార్ట్ మానవ రక్తరసంలో గుర్తించిన, రాగితో జతకట్టే మూడు ఆమ్లాల పెప్టైడు ఈ కోవలో తొలినాటిది. కొల్లాజెన్‌కు పూర్వరూపమైన ప్రోకొల్లాజెన్‌లోని ఐదు ఆమ్లాల తునక, ప్రయోగశాలలో పెంచిన కణాల చేత ఎక్కువ కొల్లాజెన్ తయారు చేయించినట్లు 1993లో వెల్లడైంది. జిడ్డుగల పైపొరను దాటేందుకు దానికి పామిటిక్ ఆమ్లమనే కొవ్వును తగిలించారు. విచిత్రమేమంటే, ఆ తగిలింపుతో అణుభారం 800 డాల్టన్లకు చేరి, పై పరిమితిని మరింత మించింది. అయినా 2005లో ప్రచురితమైన పరీక్షలో 93 మంది స్త్రీలు ముఖంలో ఒక పక్క ఈ పెప్టైడు లేపనాన్ని, రెండో పక్క అది లేని లేపనాన్ని 12 వారాలు పూసుకోగా, పెప్టైడు పూసిన పక్క సన్నని ముడతలు కొంత తగ్గాయి. ప్రయోజనం స్వల్పం, పరిశోధకులు సౌందర్య సాధనాల సంస్థకు చెందినవారన్నదీ గమనించదగినదే.

ముడతలను తగ్గించడంలో వైద్యుల చీటీపై లభించే ట్రెటినాయిన్‌కు ఇంతకంటే గట్టి ఆధారాలున్నాయి, అయితే గర్భిణులు దానిని వాడరాదు. ఉన్న కొల్లాజెన్‌ను కాపాడుకోవడం విషయంలో ఆస్ట్రేలియాలోని నంబూర్ పరీక్ష ఫలితం స్పష్టం: నాలుగున్నరేళ్లపాటు రోజూ సన్‌స్క్రీన్ రాసుకొన్నవారిలో చర్మపు ముదిమి, ఇష్టానుసారం రాసుకొన్నవారి కంటే 24 శాతం తక్కువగా కనిపించింది. పెప్టైడు సీసాపై డబ్బు వెచ్చించదలచినవారు ముందుగా సన్‌స్క్రీన్ కొనడమే సబబు.