మన చేలో పరీక్ష, లెక్క ఎవరి చేతిలో?

(మండల కార్యకర్తల శిక్షణ తరగతిలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



క్రౌడ్‌సోర్సింగ్ అనే మాట ఈ మధ్య తరచుగా వింటున్నాం. పేరు కొత్తదే గాని పని తెలిసిందే. వేల మంది దగ్గర తలా కాస్త సమాచారం తీసుకుని ఒకచోట పోగు చెయ్యడం. ఆ రాశి ఎవరి కల్లంలో పడుతోందన్నదే మనం చూడాల్సింది.

ప్లాంటిక్స్ యాప్ మనలో చాలామంది ఫోన్లలో ఉంది. జర్మనీ సంస్థ తయారు చేసింది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ తోడ్పాటుతో తెలుగులోకి వచ్చింది. తెగులు పట్టిన ఆకు ఫొటో పంపితే జవాబు వస్తుంది, పైసా అడగరు. అయితే మనం పంపే ఆ ఫొటోలే యంత్రానికి పాఠాలు. తర్వాత అదే సంస్థ ఎరువులు, పురుగుమందుల దుకాణదారుల కోసం వేరే యాప్ కూడా తెచ్చింది. దాన్ని వాడొద్దని మేం అనం. ఉపయోగపడితే వాడుకుందాం. కాని మన చేను ఇచ్చిన సమాచారం తిరిగి మన ఊరికి ఏ రూపంలో వస్తుందని అడగాలి కదా!

ఇంకో రకం పద్ధతి ఉంది. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఇథియోపియాలో గోధుమకు, నికరాగ్వాలో చిక్కుడు జాతి గింజకు, మన దేశంలో గోధుమకు దీన్ని వాడారు. పరీక్షించాల్సిన రకాలు చాలా ఉంటాయి. ఒక్కో రైతుకు మూడే పొట్లాలు ఇస్తారు. వాటి మీద రకం పేరు ఉండదు, ఏ, బి, సి అని మాత్రమే ఉంటుంది. పక్క రైతుకు వేరే మూడు. రైతు వాటిని తన పొలంలో, తన పద్ధతిలోనే వేస్తాడు. అడిగే ప్రశ్నలు కూడా తేలికే: మూడింట్లో ఏది మేలు, ఏది నాసి? తెగులుకు ఏది ఆగింది, దిగుబడి దేనికి బాగుంది? తూకాలు, పట్టికలు అక్కర్లేదు. పంట అయ్యాక రకాల పేర్లు చెబుతారు. మూడు దేశాల్లో 12,409 మడుల నుంచి వచ్చిన ఈ జవాబులను వాతావరణ లెక్కలతో కలిపి చూసి, ఎలాంటి వాతావరణానికి ఏ రకం నప్పుతుందో తేల్చారు. ఆ ఫలితాలు 2019లో అచ్చయ్యాయి. పరిశోధనా కేంద్రంలోని నాలుగు మడులు చెప్పలేని సంగతిని వేల చేలు చెప్పాయి.

పేరు దాచడంలోనే అసలు కిటుకు ఉంది. కంపెనీ బొమ్మ, డీలరు మాట, గోడల మీద ప్రకటన అక్కడ పనిచెయ్యవు.

ఇది మనకెందుకు? 2021లో నల్ల తామర పురుగు మిరపను ఊడ్చేసింది గుర్తుంది కదా. ఏ రకం ఎక్కడ ఎంత తట్టుకుందో ఊరూరా రైతుకు తెలుసు. కాని ఆ తెలివిడి నోటి మాటగానే ఉండిపోయింది. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం 39వ సెక్షను ఏం చెబుతోంది? రిజిస్టరైన రకం విత్తనం అమ్మితే, ఏ పరిస్థితుల్లో ఎంత పండుతుందో రైతుకు చెప్పాలి. అంత పండకపోతే రైతు పరిహారం అడగవచ్చు. ఒక్క రైతు వెళ్లి “పండలేదు” అంటే “నువ్వు సరిగా చెయ్యలేదు” అంటారు. రెండొందల మంది రాసిన లెక్క చూపిస్తే ఆ మాట అంత తేలిగ్గా అనలేరు.

స్మార్ట్‌ఫోన్ లేనివాళ్ల సంగతేమిటని కొందరు అడిగారు. ఛత్తీస్‌గఢ్‌లో 2010 నుంచి సీజీనెట్ స్వరలో ఆదివాసీలు మామూలు ఫోన్లోనే తమ సమస్యలు చెప్పి రికార్డు చేశారు, మిగతావాళ్లు ఫోన్లోనే విన్నారు. మనకూ ఫోను, నోటుబుక్కు చాలు. పాసుపుస్తకం అడగొద్దు. అడిగామా, దున్నే కౌలు రైతు బయటే ఉండిపోతాడు. విత్తనం దాచేదీ, కలుపులో నిలబడి తేడా పట్టేదీ ఎక్కువగా మన ఆడవాళ్లు. జవాబు రాసేటప్పుడు వాళ్లనూ అడగాలి.

మిరప హైబ్రిడ్ విత్తనం ఖరీదు. అందుకే ముందు కందితో మొదలుపెడదామని కమిటీ అనుకుంది. ఎల్.ఆర్.జి. 52, ఆశ, డబ్ల్యు.ఆర్.జి. 65తో పాటు మన ఊళ్లలో దాచుకున్న నాటు విత్తనం కూడా పొట్లాల్లో ఉండాలి. ఎండు తెగులు, వెర్రి తెగులు, కాయతొలిచే పురుగు, దిగుబడి, పప్పు రుచి - ఈ అయిదే అడుగుదాం. పుస్తకం గ్రామ కమిటీ దగ్గర ఉంటుంది. శాస్త్రవేత్తలు అడిగితే నకలు ఇద్దాం, అసలు ఇవ్వం. రైతు పేరు, ఫోను నంబరు ఏ కంపెనీకీ ఇవ్వం.

ఊరికి పదిమంది చొప్పున పేర్లు మే నెలాఖరుకు మండల కార్యదర్శికి అందాలి. పొట్లాలు కట్టడానికి రెండు వారాలు పడుతుంది, తొలకరికి ముందే అవి చేతికి చేరాలి.