శ్రవణ నాడి కణితి: కారణాల అన్వేషణ

ఒక చెవిలో క్రమంగా వినికిడి తగ్గుతుంది, ఎడతెగని రొద మొదలవుతుంది. చివరికి స్కానింగులో 'అకౌస్టిక్ న్యూరోమా' అని తేలుతుంది. అప్పుడు రోగి డాక్టరును అడిగే మొదటి ప్రశ్న: "ఇది నాకెందుకు వచ్చింది? నేనేం తప్పు చేశాను?" ఈ ప్రశ్నకు శాస్త్రం ఏం చెబుతుందో చూద్దాం.

ముందుగా ఒక సంగతి గమనించండి. ఇది క్యాన్సర్ కాదు. చెవి నుంచి మెదడుకు వెళ్లే నాడిలో, శరీర సమతుల్యానికి సంబంధించిన పాయకు తొడుగులా ఉండే ష్వాన్ కణాల నుంచి ఇది పుడుతుంది.

ఈ కణాలు అతిగా విభజన చెందకుండా 'మెర్లిన్' అనే ప్రోటీన్ బ్రేకులా పనిచేస్తుంది. దాన్ని తయారుచేసే జన్యువు 22వ క్రోమోజోమ్‌పై ఉందని 1993లో గుర్తించారు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, ఈ జన్యువుకు రెండు ప్రతులుంటాయి. ఒకే కణంలో రెండూ చెడిపోతే కణితికి దారి ఏర్పడుతుంది. సుమారు 5 శాతం రోగుల్లో ఒక ప్రతి పుట్టుకతోనే లోపంతో ఉంటుంది. వారికి సాధారణంగా రెండు చెవుల వైపూ కణితులు వస్తాయి. మిగతావారిలో ఈ మార్పు పుట్టిన తర్వాత జరుగుతుంది.

మరి జన్యువును చెడగొట్టేదేమిటి? రేడియేషన్ పాత్రకు గట్టి ఆధారాలున్నాయి. గత శతాబ్దం మధ్యకాలంలో ఇజ్రాయెల్‌లో తలపై తామరకు, అమెరికాలో టాన్సిల్స్‌కు పిల్లలకు ఎక్స్‌రే చికిత్స చేశారు. దశాబ్దాల తర్వాత వారిలో ఇటువంటి కణితులు ఎక్కువగా కనిపించాయి.

సెల్‌ఫోన్ మాటేమిటి? 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఆ తరంగాలను 'బహుశా కారకం కావచ్చు' అనే వర్గంలో చేర్చింది. బ్రిటన్ మహిళలపై జరిగిన పెద్ద అధ్యయనంలో 2013లో కనిపించిన సంబంధం, మరికొంతకాలం పరిశీలించాక నిలవలేదు. పెద్ద శబ్దాల విషయంలోనూ ఫలితాలు ఒక్కటిగా లేవు. జబ్బుపడ్డవారు పాత శబ్దాలను ఆరోగ్యవంతులకన్నా ఎక్కువగా గుర్తుచేసుకుంటారు. వినికిడి తగ్గినవారు రోగం బయటపడకముందే ఫోనును రెండో చెవికి మార్చుకుంటారు. ఇందువల్ల లెక్కలు తారుమారవుతాయి.

కాబట్టి చాలామందిలో ఇది కణవిభజనలో యాదృచ్ఛికంగా జరిగే పొరపాటే తప్ప, రోగి చేసిన తప్పు కాదు. అయితే ఒక చెవికి మాత్రమే ఫోనులో మాట అస్పష్టంగా వినిపిస్తుంటే, గులిమి అనో, వయసు అనో సరిపెట్టుకోకండి. చెవి డాక్టరు వద్ద వినికిడి పరీక్ష, ఆయన సూచిస్తే ఎం.ఆర్.ఐ. చేయించుకోండి. కణితి చిన్నదిగా ఉండగా తెలిస్తే, గమనిస్తూ ఉండటమా, రేడియేషనా, శస్త్రచికిత్సా అని ఆలోచించి నిర్ణయించుకునే వ్యవధి ఉంటుంది.