బస్తీని అధ్యయనం చేసే అధ్యాపకునికి నిధి కావాలి

(కంచన్‌బాగ్‌లో అధ్యాపకులు, విద్యార్థులు, బస్తీ పెద్దల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనం కూర్చున్న ఈ కంచన్‌బాగ్ పరిశోధనకు పేరుపొందిన ప్రాంతం. రక్షణ లోహ పరిశోధన ప్రయోగశాల, క్షిపణులను రూపొందించే డీఆర్‌డీఎల్, 1970లో ఏర్పడిన భారత్ డైనమిక్స్, 1973లో ఏర్పడిన మిధాని ఇక్కడే ఉన్నాయి. ఒక లోహం ఎంత వేడిని తట్టుకోగలదో, ఎక్కడ పగులుతుందో ఆ ప్రహరీల లోపల ఏళ్ల తరబడి పరీక్షిస్తారు. అందుకు దేశం నిధులిస్తుంది, ఇవ్వవలసిందే.

ఆ ప్రహరీలకు ఇవతల హాఫిజ్ బాబా నగర్ ఉంది. 2020 అక్టోబరులో గుర్రం చెరువు కట్ట తెగి ఆ ఇళ్లలోకి వరద చేరింది. తరువాత ఎందరు పిల్లలు తిరిగి బడికి వెళ్లారు? కుట్టుమిషన్ పాడైపోయిన స్త్రీ ఎవరి వద్ద, ఎంత వడ్డీకి అప్పు తెచ్చుకుంది? ఒక కుటుంబం ఎంత కష్టాన్ని తట్టుకోగలదో, ఎక్కడ విరుగుతుందో తెలుసుకోవడం కూడా పరిశోధనే. అది సామాజిక శాస్త్రాల పని. దానికీ నిధి కావాలి.

ఇది పండితుల వ్యవహారం, మనకెందుకని కొందరు అడగవచ్చు. మన హక్కుల చరిత్రే అందుకు సమాధానం. ముస్లింల వెనుకబాటును మనం ఎంతోకాలంగా చెబుతూనే ఉన్నాం. 2005లో నియమితమైన సచార్ కమిటీ జనాభా లెక్కలను, జాతీయ నమూనా సర్వేలను, బ్యాంకుల వివరాలను ఒకచోట చేర్చి, 2006 నవంబరులో అంకెలతో సహా పార్లమెంటు ముందుకు తెచ్చింది. అప్పటి నుంచి మన మాటను ఫిర్యాదు అని తోసిపుచ్చడం ఎవరికీ సాధ్యం కాలేదు.

దీనికి మరో పార్శ్వమూ ఉంది. వెనుకబడిన ముస్లిం వర్గాలకు 4 శాతం రిజర్వేషన్ కల్పించిన 2007 నాటి చట్టాన్ని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2010 ఫిబ్రవరిలో మెజారిటీ తీర్పుతో కొట్టివేసింది. ఆధారంగా చూపిన అధ్యయనం శాస్త్రీయంగా లేదన్నది ప్రధానమైన అభ్యంతరం. ఆ మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో ఆ సౌకర్యం నిలిచింది. అంటే మన పిల్లల సీట్లు, ఉద్యోగాలు చివరికి ఒక సర్వే నాణ్యత మీద ఆధారపడి ఉన్నాయి. కేసు విచారణకు వచ్చిన తరువాత హడావిడిగా సేకరించే వివరాలు కోర్టులో నిలవవు. ఏళ్ల తరబడి ఓపికగా చేసిన అధ్యయనమే నిలుస్తుంది.

తెలంగాణలో సుధీర్ కమిషన్ 2016లో నివేదిక సమర్పించింది. 2024లో జరిగిన కులగణన రాష్ట్ర జనాభాలో ముస్లింలు 12.56 శాతమని తేల్చింది. గణన ఎందరున్నారో చెబుతుంది. ఎందుకిలా ఉన్నారో చెప్పదు. ఆ 'ఎందుకు'ను వెదకవలసిన వారు కళాశాలల్లో, విశ్వవిద్యాలయాల్లో పనిచేసే అధ్యాపకులే.

వారికి నిధులెక్కడివి? 1969లో ఏర్పడిన భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలి, అనగా ఐసీఎస్‌ఎస్‌ఆర్, అధ్యాపకుల ప్రాజెక్టులకు నిధులిస్తుంది. దాని దక్షిణ ప్రాంతీయ కేంద్రం మన ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలోనే ఉంది. 2018లో ఇంప్రెస్ పథకం కింద 414 కోట్ల రూపాయలతో 1,500 ప్రాజెక్టులకు తోడ్పడాలని కేంద్రం సంకల్పించింది. దాని గడువు 2021 మార్చితో ముగిసింది. 2023లో చట్టమైన అనుసంధాన్ జాతీయ పరిశోధన సంస్థ పరిధిలోకి సామాజిక శాస్త్రాలు శాస్త్ర సాంకేతికతలతో కలిసే మేరకే వస్తాయి. మైనారిటీ పరిశోధక విద్యార్థులకిచ్చే మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను 2022లో నిలిపివేశారు. మార్గాలు ఇరుకవుతున్న మాట నిజం.

కనుక విశ్వవిద్యాలయాలే తమ నిధుల నుంచి కొంత కేటాయించాలి. ఉస్మానియా విశ్వవిద్యాలయాన్ని, మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయాన్ని మనం అడగవలసినది ఇదే. అధ్యాపకులకు పరిశోధన కోసం ఇచ్చే ప్రారంభ నిధి న్యాక్ మదింపులోనూ ఒక అంశమే. అందుచేత మనం కోరుతున్నది దయ కాదు. ఆ నిధిలో పాతబస్తీ అధ్యయనాలకు న్యాయమైన వాటా ఉండాలన్నదే మన కోరిక.

మనవంతు బాధ్యతా ఉంది. ప్రభుత్వ కార్యాలయంలో దస్త్రాల మధ్య పనిచేసిన వారమై ఒక మాట చెబుతున్నాం. నిధి మంజూరు కావడంతో పని పూర్తి కాదు. డబ్బు విడతలుగా వస్తుంది; వినియోగ ధ్రువపత్రం, ఆడిట్ లెక్కలు సరిగా లేకపోతే తరువాతి విడత ఆగిపోతుంది. చిన్న కళాశాలల్లో అధ్యాపకులు వెనుకంజ వేసేది తరచుగా ఈ భయంతోనే. పదవీ విరమణ చేసిన గుమాస్తాలం, అకౌంటెంట్లం ఆ లెక్కలు రాసిపెట్టడానికి సిద్ధంగా ఉన్నాం. ఇంటింటి సర్వేకు ఉర్దూ, తెలుగు రెండూ తెలిసిన యువతులను మన బస్తీల నుంచే పంపగలం; వారికి తగిన పారితోషికం దరఖాస్తులోనే చూపించమని అధ్యాపకులను కోరుతున్నాం.

చివరిగా, అధ్యయనం చేసినవారు ఫలితాన్ని మళ్లీ ఈ బస్తీకి తెచ్చి, అర్థమయ్యే భాషలో వినిపించాలి. ఆడపిల్లల చదువు మాన్పించడం, కట్నం, అప్పులు వంటి మన ఇళ్లలోని లోపాలు అందులో బయటపడినా వాటిని దాచమని మనం అడగకూడదు. సాక్ష్యం మనకే వ్యతిరేకమైనా సత్యం పలకాలన్నది మన ధర్మం నేర్పిన పాఠం.

పాతబస్తీలోని ప్రతి కళాశాల నుంచి ఈ ఏడాది కనీసం ఒక దరఖాస్తు వెళ్లాలి. ఆ పని ఈ సమావేశం నుంచే మొదలుపెడదాం.

అల్లాహ్ మన ప్రయత్నాన్ని సఫలం చేయుగాక.