గుండె గోలీ మొండికేస్తే



గుండెపోటు వచ్చినవారికి, స్టెంట్ వేయించుకున్నవారికి డాక్టర్లు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ గోలీలు రాస్తారు. రక్తంలోని ప్లేట్‌లెట్లు దెబ్బ తగిలినచోట ఒకదానికొకటి అతుక్కుని నెత్తురు ఆపుతాయి. అవే గుండె నాళంలో అతుక్కుంటే ప్రాణాపాయం. ఈ గోలీలు దాన్ని ఆపుతాయి. కాని కొందరిలో గోలీకి తగిన ఫలితం కనిపించదు. దీన్నే రెసిస్టెన్స్ అంటున్నారు.

అనంతగిరి క్షయ ఆసుపత్రి ఉన్న వికారాబాదులో, మందుకు రోగం మొండికేయడమంటే తెలియనివారుండరు. అక్కడ మొండికేసేది క్రిమి. ఇక్కడ క్రిమి లేదు, కారణాలు వేరు.

మొదటిది, గోలీ సరిగా వేసుకోకపోవడం. హైదరాబాదులో స్టెంట్ వేయించుకుని తాండూరు రైలెక్కుతాం. తెచ్చుకున్న గోలీలు అయిపోతాయి. నొప్పి లేదు కదా అని ఊరుకుంటాం. స్టెంట్‌లో నెత్తురు గడ్డకట్టేది ఇలాంటప్పుడే.

రెండవది, పక్కన వాడే మందులు. నాపరాయి గనుల్లో, పాలిషింగ్ మిషన్ల దగ్గర పనిచేసేవారు నడుంనొప్పికి ఇబుప్రొఫెన్ కొని వేసుకుంటారు. అది ఆస్పిరిన్ పనికి అడ్డుపడగలదు. గ్యాస్‌కు వాడే ఒమెప్రజోల్ క్లోపిడోగ్రెల్ బలాన్ని తగ్గిస్తుంది.

మూడవది పుట్టుకతో వచ్చేది. క్లోపిడోగ్రెల్ కాలేయంలో మార్పు చెందితేనే పనిచేస్తుంది. ఆ మార్పు చేసే ఎంజైము కొందరిలో మందకొడిగా ఉంటుంది. మన దేశంలో ఇది అరుదు కాదు. అమెరికా ఔషధ సంస్థ 2010లోనే దీనిపై హెచ్చరిక జారీ చేసింది. ఇలాంటివారికి ప్రాసుగ్రెల్, టికాగ్రెలార్ వంటి మందులున్నాయి. వాటితో రక్తస్రావం భయం ఎక్కువ గనుక ఎవరికి ఏది తగునో డాక్టరే చెప్పాలి.

ఇక రంజాన్ సంగతి. రోజుకొక్కసారి వేసుకునే గోలీని ఇఫ్తార్‌లో తిన్న తర్వాత వేసుకోవచ్చు. రెండు పూటలదైతే ఇఫ్తార్‌కు, సహరీకి. అయితే రోజా ఉండవచ్చునా అన్నది రంజాన్ రాకముందే డాక్టరును అడగాలి. రోగులకు సడలింపు ఖురానే ఇచ్చింది కదా!

మేము కోరేది ఇంతే. ఇంట్లో పది గోలీలు మిగిలి ఉండగానే కొత్తవి తెప్పించండి. పన్ను పీకించుకునేటప్పుడైనా సరే, గుండె డాక్టరును అడగకుండా మానవద్దు. ఏ మందు కొన్నా పాత చీటీ చూపించండి. గోలీ పనిచేయడం లేదని అనుమానం వస్తే డాక్టరుతో చెప్పండి, మీకు మీరే ఆపవద్దు.

అల్లాహ్ మనందరికీ ఆరోగ్యం ప్రసాదించుగాక. ఖుదా హాఫిజ్.