కర్తవ్యం ఎటువైపు?

(పుదుచ్చేరి, నటేశన్ నగర్‌లో చేసిన ప్రసంగ పాఠం)



కర్తవ్యం అనగానే సాధారణంగా ఆజ్ఞాపాలనమే స్ఫురిస్తుంది. పై అధికారి చెప్పినది చేయడం, జీతమిచ్చిన ప్రభుత్వానికి విధేయంగా ఉండడం - ఇంతవరకు చిక్కు లేదు. కాని ఆ ప్రభుత్వం పరాయిదై, అది పాలించే ప్రజలు స్వజనమైనప్పుడు కర్తవ్యం ఎటువైపు నిలుస్తుంది? దడాల రఫేల్ రమణయ్యగారి వంటి వ్యక్తికి ఇది తప్పించుకోరాని ప్రశ్న.

1908లో యానాం ప్రాంతపు ఫరంపేటలో జన్మించిన ఆయన ఫ్రెంచి పాలనలో పోలీసు అధికారిగా పనిచేశారు. ఆ కొలువు విడిచి విమోచనోద్యమంలో ప్రవేశించారు. 1954 జూన్ 13న స్వచ్ఛంద సేవకులతో యానాంలో అడుగుపెట్టి అచ్చటి ఫ్రెంచి పాలనకు తెరదించారు. మరుసటి నెల 16న మాహేలోనూ అదే జరిగినది. చరిత్ర పుస్తకాలలో యానాం ఘట్టానికి దక్కేది ఒకటి రెండు వాక్యాలే. నిన్నటివరకు చట్టాన్ని అమలు జరిపినవాడు నేడు అదే చట్టం దృష్టిలో అపరాధి కావడానికి సిద్ధపడాలంటే, ముందుగా అతని హృదయంలో ఒక న్యాయస్థానం కొలువుతీరాలి. అక్కడ వాదీ తానే, ప్రతివాదీ తానే. తీర్పు చెప్పవలసినదీ తానే. ఆ విచారణకు సాక్షులుండరు.

ఇందులో మరొక ముడి ఉన్నది. ఫ్రెంచి పతాకం కొందరు దేశభక్తులకు నీడ కూడా ఇచ్చినది. సుబ్రహ్మణ్య భారతి 1908లోనూ, శ్రీ అరవిందులు 1910 ఏప్రిల్ 4వ తేదీనా బ్రిటిషు ప్రభుత్వానికి అందకుండా ఈ పుదుచ్చేరికే చేరుకొన్నారు. అరవిందులు 1950లో దేహం చాలించేవరకు ఇచ్చటనే ఉండి, రాజకీయ సాహసాన్ని విడిచి అంతరంగ సాహసాన్ని చేపట్టారు. అయితే ఆ నీడ అన్నివేళలా పుణ్యకార్యాలకే ఉపయోగపడలేదు. శారదా చట్టం యానాంలో చెల్లదు గనుక, చుట్టుపట్ల వారు అక్కడికి వచ్చి బాల్యవివాహాలు జరిపించేవారు. ఊరికి కల్యాణపురమన్న పేరే వచ్చినది! పెళ్లిళ్లవల్ల, సుంకాల తేడావల్ల లాభపడినవారికి విలీనం నష్టంగా తోచి ఉంటే ఆశ్చర్యం లేదు. పరాయివానిని ఎదిరించడంకన్న ఇటువంటి ఇరుగుపొరుగును వెంట నడిపించుకోవడమే నాయకునికి కష్టం.

యానాం చుట్టూ ఉన్నది తెలుగు నేల. పుదుచ్చేరి రోడ్డు మార్గాన ఎనిమిది వందల కిలోమీటర్ల పైచిలుకు. అయినా అది ఆంధ్రలో కలిసిపోలేదు. 1954 అక్టోబరు 18న కీళూరులో ప్రజాప్రతినిధులు 178 మందిలో 170 మంది విలీనానికి సమ్మతించారు. నవంబరు 1న పాలన చేతులు మారినది. 1956 ఒప్పందం ఈ ప్రాంతాల ప్రతిపత్తిని ప్రజల అభీష్టం తెలుసుకొనకుండా మార్చరాదన్నది. అందువల్లనే యానాం నేటికీ పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగంగా, తెలుగు మాటతో నిలిచి ఉన్నది.

ఆ ఒప్పందం అమలులోకి వచ్చినది 1962 ఆగస్టు 16న. రమణయ్యగారు ఒంటరిగా ఎదుర్కొన్నవంటి ప్రశ్నే అప్పుడు మరొక రూపంలో ఎన్నో గడపలకు వచ్చినది. ఫ్రెంచి పౌరసత్వం కోరుకొనేవారికి ఆరు నెలల గడువు ఇచ్చారు. కొందరు కోరుకొన్నారు, అత్యధికులు కోరుకొనలేదు. కోరుకొన్నవారి సంతతి నేటికీ ఈ పట్టణంలో ఉన్నది. ఫ్రాన్సులో ఎన్నికలు జరిగినప్పుడు ఇక్కడనుండే ఓటు వేస్తున్నది.