పొరుగు యంత్రము పలుకనప్పుడు

కిందటి వేసవిలో ఒక సాయంకాలము. ఏడు గంటలకు ఒక వృద్ధ గాయని పాడిన నాట్ల పాటలు ప్రసారము కావలసి యున్నవి. ఆమె కన్నుమూసి అప్పటికి నెల దినములైనను కాలేదు. ఆమె మనుమలు, మనుమరాండ్రు ఊరిలో రేడియో చుట్టు చేరియుందురని మాకు తెలియును. ఆ పాటలు మా పై అంతస్తులోని కంప్యూటరులో, ఉమ్మడి ఫోల్డరులో నున్నవి. క్రింది గదిలోని కంప్యూటరునుండి దానిని తెరవబోతిని. నెట్‌వర్కు దారి కనబడలేదని ఒక వాక్యము, దానితోపాటు 80070035 అను అంకెలు తెరపై నిలిచినవి. గడియారము ఆరు నలుబది చూపుచున్నది.

ప్రక్కనున్న మిత్రుడొకరు, "ఫైర్‌వాలు తీసేయండి సార్, సరిపోతుంది" అన్నారు. మరియొకరు, "అందరికీ అన్ని అనుమతులూ ఇచ్చేయండి" అన్నారు. ఆ రెండింటిలో ఏదియు చేయలేదు. ఒకరిని పై అంతస్తునకు పంపి, పాటలను పెన్‌డ్రైవులో తెప్పించితిని. ఏడు గంటలకు ఆమె గొంతు వినబడినది. తప్పు ఎక్కడ నున్నదో మరునాడు తీరికగా వెదకితిమి. ఆ వెదకిన వరుసనే నేడు మీకు మనవి చేయుచున్నాను. నేడు అనేక గృహములలో రెండు మూడు కంప్యూటర్లున్నవి. పెండ్లి ఫోటోలు, ఇంటి లెక్కలు ఒకదానిలో దాచి మరియొకదానినుండి చూచుకొనుట వాడుక యైనది. కనుక ఈ చిక్కు ఎవరికైనను రాగలదు.

ఉమ్మడి ఫోల్డరును తెరచుట పొరుగూరి బంధువుల ఇంటికి పోవుట వంటిది. దారి యుండవలెను. ఇల్లేదో తెలియవలెను. వీధి తలుపు తెరచి యుండవలెను. వచ్చినది ఎవరో ఇంటివారు గుర్తింపవలెను. లోపలి గదిలో అడుగిడుటకు వారి సమ్మతి కావలెను. ఈ ఐదింటిని ఈ వరుసలోనే చూచినచో వృథాశ్రమ యుండదు.

మొదటిది దారి. రెండవ కంప్యూటరు మేలుకొనియే యున్నదా? చాలసేపు తాకనిచో అది నిద్రావస్థలోనికి పోవును. అప్పుడెంత పిలిచినను పలుకదు. రెండును ఒకే రూటరునకు చేరియున్నవా? ఒకటి ఇంటి వైఫైలోను, ఒకటి అతిథులకై వేరుచేసిన వైఫైలోను ఉన్నచో సాధారణముగా ఒకదానికొకటి కనబడవు. యంత్రపు చిరునామా 169.254 తో మొదలైనచో, రూటరునుండి దానికి చిరునామా అందలేదని అర్థము. అప్పుడు తీగను, రూటరును చూడవలెను.

రెండవది ఇల్లు. పేరుతో పిలిచినప్పుడు పలుకని యంత్రము అంకెల చిరునామాతో పిలిచినచో పలుకవచ్చును. అట్లు పలికినచో దారి బాగున్నది, పేరును చిరునామాగా మార్చు ఏర్పాటే చెడినది. రూటరు ఇచ్చు చిరునామా అప్పుడప్పుడు మారుచుండును. దానిని ఆ యంత్రమునకే స్థిరపరచుట మేలు.

మూడవది తలుపు. మా తప్పు ఇక్కడనే దొరకినది. ఆ వారమే మా రూటరును మార్చియుండిరి. పై అంతస్తు కంప్యూటరు దానిని ఎరుగని నెట్‌వర్కుగా తలచి, పబ్లిక్ అను తరగతిలో చేర్చుకొని, తలుపు మూసికొన్నది. రైల్వేస్టేషనులోను హోటలులోను అది అట్లే చేయవలెను. అది దాని జాగ్రత్త. మేము దానిని ప్రైవేటు తరగతికి మార్చి, ఫైళ్ళ పంపకమును ఆ తరగతికి మాత్రమే అనుమతించితిమి. ఫోల్డరు తెరచుకొన్నది. ఫైర్‌వాలును ముట్టనక్కరయే కలుగలేదు.

ఈ జాగ్రత్తకు కారణము కలదు. విండోస్ యంత్రములు ఫైళ్ళను పంచుకొను పద్ధతికి ఎస్.ఎం.బి. అని పేరు, అది 445వ ద్వారమున నడచును. 2017 మే నెలలో వానాక్రై అను దుష్ట ప్రోగ్రాము ఆ పద్ధతియొక్క మొదటి రూపములోని లోపమును పట్టుకొని దేశదేశములకు ప్రాకినది. ఇంగ్లండులో ఆస్పత్రుల పనులు సైతము ఆగినవి. లోపమును సరిచేయు సవరణ రెండు నెలల ముందే, మార్చిలో, వెలువడియున్నది. దానిని వేసికొనని యంత్రములు చిక్కుకొన్నవి. ఆ యేడాది చివరి విండోస్ 10 సంచికనుండి మొదటి రూపమును సాధారణముగా అమర్చుట మానిరి. కనుక ఆ పాత భాష మాత్రమే తెలిసిన నిల్వపెట్టెలు కొత్త కంప్యూటర్లతో మాటాడలేవు. కంప్యూటరునకు పాత భాషను మరల నేర్పుటకంటె, పెట్టెను నవీకరించుటయో మార్చుటయో క్షేమము.

నాలుగవది గుర్తింపు. తెర తెరచుటకు వాడు నాలుగంకెల పిన్ ఇక్కడ చెల్లదు. ఫోల్డరున్న యంత్రములోని ఖాతా పేరు, ఆ ఖాతా పాస్‌వర్డు కావలెను. పాస్‌వర్డు లేని ఖాతాను మామూలు అమరికలో విండోస్ నెట్‌వర్కు మీదుగా రానీయదు. పాస్‌వర్డు మార్చిన పిదప, పాతదే యంత్రములో దాగియుండి అడ్డుపడవచ్చును, దానిని తొలగింపవలెను. 2024లో వెలువడిన విండోస్ 11 సంచికలో, ప్రో తరగతియందు, పాస్‌వర్డు లేని అతిథిగా ప్రవేశించుట కూడ మామూలుగా కుదరదు.

ఐదవది సమ్మతి. అనుమతి లేదని తెర చెప్పినచో నిరాశ వలదు. మీరు ఇంటిలోనికి వచ్చియే యున్నారు. పంపకమునకు ఒక అనుమతి, ఫోల్డరునకు మరియొక అనుమతి యుండును. రెండింటిలో కఠినమైనదే చెల్లును. ఒకటి సరిచేసి రెండవది మరచుట సామాన్యముగా జరుగు పొరపాటు.

ఇందులో దేనిని మార్చినను ఒకసారి ఒకటే మార్చి, కాగితముపై వ్రాసికొని, ఫలితము చూడవలెను. నాలుగు ఒక్కసారి మార్చినచో ఏది మందో ఏది విషమో తెలియదు.

మరునాడు ఆ గాయని మనుమరాలు ఫోను చేసి, అమ్మమ్మ పాటల ప్రతి ఒకటి ఇప్పింపుడని కోరినది. అప్పుడు గాని నాకు తట్టలేదు: ఆ పాటలు లోకములో ఒకే యంత్రములో, ఒకే ప్రతిగా నున్నవి. తలుపు తెరచుకొననందుకు నేను గాభరాపడితిని. ఇల్లే కాలిపోయి యుండినచో ఏమి చేసెడివాడను? ఉమ్మడి ఫోల్డరు పంచుకొనుటకే గాని దాచుకొనుటకు కాదు. నేడు ఆ పాటలు మూడు చోట్ల నున్నవి. అందొకటి ఆమె ఇంటిలోనే యున్నది.